ఐదో చరణం

రండి, ఆ చాప ఇంకొంచెం ఇటు లాక్కోండి. గోడకు ఆనుకునేవాళ్లు ఆనుకోండి, కాళ్లు చాపుకునేవాళ్లు చాపుకోండి. ఈ ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు, దగ్గరికి జరగండి. ఈరోజు చెప్పబోయే మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. అయినా చెబుతాను. కడుపులో పెట్టుకుంటే ఇంకా పులుస్తుంది.

పోయిన నెలలో చనిపోయాడు. పాకాల బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు, చూసే ఉంటారు. ఆకుపచ్చ శాలువా కప్పుకొని, కళ్లు మూసుకొని, ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడే, ఆయనే. పేరు అక్కడ ఇంతింత అక్షరాలతో రాసి ఉంది, నేను మాత్రం పలకను. పలకడం మానేసి నాలుగేళ్లయింది.

చనిపోయిన వారానికి ఫోన్లలో వీడియోలు పెట్టేవాళ్లు ఇద్దరు మా వాకిట్లోకి వచ్చారు.

"అమ్మా, సూఫీ గాయకుడు మీ వీధిలోనే పాట నేర్సుకున్నాడంట గదా. ఆయన గురించి రెండు మంచి మాటలు సెప్పండి" అన్నారు.

"మంచివే కావాల్నా?"

"సచ్చిపోయినాయన గదమ్మా."

"అయితే నా దగ్గిర లేవు నాయనా" అని వాకిలి చిమ్ముకుంటూ ఉండిపోయాను. పాపం, కాళ్లమీద దుమ్ము పడుతుంటే వాళ్లే పోయారు.

ముందు ఆ గొంతు సంగతి చెప్పాలి. మనిషిమీద కోపంతో గొంతును తక్కువ చేసి చెబితే నాకు పాపం చుట్టుకుంటుంది. ఇరవై ఏళ్ల వయసులో మదనపల్లె వైపు నుంచి వచ్చి మా బస్టాండులో వ్యాన్లకు మనుషులను పిలిచేవాడు. "చిత్తూరు చిత్తూరు చిత్తూరూ! కాట్పాడీ! వేలూరూ..." అని. ఆ వేలూరును ఎంతదూరం లాగేవాడంటే, అది రైలుపట్టాలు దాటి, గూడ్సుషెడ్డు దాటి, మా వంటింట్లోకి వచ్చేది. పప్పు ఎనుపుతూ ఉంటే నా చెయ్యి ఆగిపోయేది. ఊరి పేరు పిలిస్తే ఎవరికైనా కళ్లలో నీళ్లు తిరుగుతాయా? నాకు తిరిగేవి.

ఆ గొంతును ముందు పట్టుకున్నది మా పక్కింటి బూబమ్మ. ఫకీర్ల ఇంటి ఆడది. పొద్దున మల్లెపూలు కట్టి స్టేషను దగ్గర అమ్మేది. గురువారం సాయంత్రం దర్గాలో కంజీర వాయిస్తూ తెలుగు తత్వాలు పాడేది. మా అత్త కాలం నుంచీ మేమూ గురువారం చక్కెర పొట్లం తీసుకుపోయి దర్గాలో చదివించుకొచ్చేవాళ్లం. చదివించిన చక్కెర తలా ఇంత నోట్లో వేసుకొని బూబమ్మ వెనక కూర్చునేవాళ్లం. వెనకే ఎందుకంటే, పాడేవాళ్లు సమాధి వైపు ముఖం పెట్టి పాడాలి. అది ఆ ఇంటి పద్ధతి. ముప్పై ఏళ్లు ఆమె పాట విన్నాను, దర్గాలో పాడేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆమె వీపు, నెరిసిన జడ, జాకెట్టు మీద చెమట, అంతే.

ఒకరోజు పూలబుట్ట చంకన పెట్టుకొని బస్టాండులో ఆయన ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"రే అబ్బయ్యా, ఆ వేలూరును అంత దూరం లాగుతాండావే, ఊపిరి యాడ దాసిపెట్టుకున్నావురా?"

"బీడీ తాగను మా, అందుకే."

"గురువారం దర్గాకు రా. వేలూరు కన్నా దూరంగా ఉండే ఊరి పేరు నేర్పిస్తా."

వచ్చాడు. పన్నెండేళ్లు వస్తూనే ఉన్నాడు. ఆమె ఇంట్లోనే తిన్నాడు, మా ఇంట్లోనూ తిన్నాడు. అప్పటినుంచే ఆయన చేష్టలు నాకు వెగటుగానే ఉండేవి, గొంతు చూసి ఓర్చుకున్నాను. పొద్దున్నే మా పెరట్లో నిలబడి ఉప్పునీళ్లు పుక్కిలించేవాడు. వీధి చివరిదాకా వినపడాలి ఆ గరగర. ఉమ్మేది ఎక్కడ? మా కరివేపాకు చెట్టు మొదట్లో. "ఆ ఆకే గదప్పా నువ్వు సారులో తింటావు" అంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, మరునాడు మళ్లీ అక్కడే. పెరుగన్నం తింటే మోచేతిదాకా కారనిచ్చి, మణికట్టు నుంచి పైకి నాలుకతో నాకేవాడు. మాట్లాడుతున్నంతసేపూ శాలువా కొసతో ముక్కు తుడుచుకొని, అదే కొసను భక్తుల తలమీద ఆనించేవాడు. వాళ్లు కళ్లకద్దుకునేవాళ్లు. నేను చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని.

వీటికన్నా రోత పుట్టించింది ఆ వినయం. ముసలివాళ్లు కనపడితే చాలు, దబ్బున కాళ్లమీద పడేవాడు. పడ్డవాడు తల కొంచెం పక్కకు తిప్పి, ఎవరెవరు చూస్తున్నారో లెక్కచూసుకొని లేచేవాడు. పాట బాగుందని ఎవరైనా అంటే ఉంగరం పెట్టిన వేలు పైకెత్తి "నాదేముందన్నా, నేను ఒట్టి మట్టి. అంతా ఆయనే" అనేవాడు. ఆ వెంటనే, అదే ఊపిరిలో, "రేయ్, మైకు ఎవుడు పెట్టినాడ్రా, నా మొకానికి లైటేదిరా?" అనేవాడు.

ఫోన్లు వచ్చాక ఆయన దశ తిరిగింది. దర్గాలో పాడింది ఎవరో తీసి పెడితే లక్షలమంది చూశారట. తిరుపతిలో స్టేజి, శ్రీకాళహస్తిలో స్టేజి, నాయుడుపేటలో ఫ్యాక్టరీ వాళ్ల పండగలో స్టేజి. జుట్టు పెంచి నల్లరంగు వేశాడు. గురువారం దర్గాకు వస్తే సమాధికి వీపు పెట్టి జనం వైపు తిరిగి కూర్చున్నాడు. దర్గా పెద్దాయన "ఇదేం పద్ధతప్పా?" అంటే, "మొకం కనపడకుంటే వీడియో యాడ తీసేది తాతా?" అన్నాడు. ఆ సాయంత్రం మొదటిసారి ఆయన పాడే ముఖం చూశాను. కళ్లు మూసుకొని, నొసలు ముడేసి, మైమరచి ఊగుతున్నాడు. ఎడమకన్ను మాత్రం సన్నగా, పిల్లి కన్నులాగా తెరుచుకొని, కెమెరా ఎర్రదీపం వెలుగుతోందా లేదా అని చూసుకుంటోంది. ఆ కన్ను చూశాక చదివించిన చక్కెర నాకు గొంతు దిగలేదు.

బూబమ్మ ఆయన్ను వెనకేసుకొచ్చేది. ఒకసారి మాత్రం అడిగింది.

"రే అబ్బయ్యా, నీ పేరుకు ముందర సూఫీ అని రాసినారంటనే. అదేందిరా?"

"మనం పాడేదే మా. సూఫీ సంగీతం."

"మనం పాడేది తత్వాలు గదరా."

"తత్వాలంటే ఎవురూ రారు మా. ముసిలోళ్లు తప్ప."

"నేనెవుర్రా మరి?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు, ఫోను చూసుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ల ఇంట్లో ఒక పెద్ద పాట ఉంది, ఐదు చరణాలది. నాలుగు చరణాలు ఎవరైనా నేర్చుకోవచ్చు, ఎక్కడైనా పాడొచ్చు. ఐదోది పాడేది ఒక్కసారే. నేర్పిన మనిషి చనిపోతే, జనాజా, అంటే సాయిబుల పాడె, లేపేటప్పుడు, నేర్చుకున్న మనిషి వాకిట్లో నిలబడి పాడాలి. మగవాడైతే ఖబరస్తాను దాకా, ఆడదైతే వీధి మలుపు దాకా పాడుకుంటూ నడవాలి. అప్పటిదాకా పెదవి దాటకూడదు. సాయిబులందరిలోనూ ఇది లేదు, ఆ ఫకీర్ల ఇంట్లోనే. బూబమ్మ వాళ్ల నాయన పోయినప్పుడు ఆమె అలాగే పాడిందట. ఆమెకు పిల్లలు లేరు. ఆమెను పంపించాల్సిన నోరు ఈయనదే.

మంచం పట్టాక కబురు పెట్టింది. మధ్యాహ్నం తెల్లకారులో వచ్చాడు, వెంట కెమెరా మనిషి. నేను గంజి తాగిస్తూ ఉన్నాను. బూబమ్మ ఆయన చెయ్యి పట్టుకొని, "ఐదోది ఇచ్చేస్తాను. నా ఊపిరి ఉండగానే తీసుకో" అంది. ఆయన ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు అనుకున్నాను. గది చీకటిగా ఉందని కెమెరా మనిషి నా చేత తెల్లదుప్పటి పట్టించి కిటికీ దగ్గర నిలబెట్టాడు, వెలుతురు ఆమె ముఖంమీద పడేలాగ. పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో ఈరోజుకూ తెలియదు.

ఆమె ఒక్కొక్క పంక్తి చెబుతోంది, ఆయన అందుకుంటున్నాడు.

*ఇల్లు ఇచ్చినోడె ఇంక రమ్మన్నాడు*
*తాళమెయ్యొద్దండి, తలుపు తీసే పోతా*
*దీపమార్పొద్దండి, దారి నాకు తెలుసు*
*మోసేటి అన్నలార, మీ భుజాలు సల్లగుండ*

చివరి పంక్తికి ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. అప్పుడు కెమెరా మనిషి, "అన్నా, కాట్పాడి రైలు సౌండు వచ్చేసినాది. మళ్లా తీద్దాం" అన్నాడు.

ఆయన ఏడుపు అక్కడికక్కడే ఆగిపోయింది. కొళాయి కట్టేసినట్టు. ముఖం తుడుచుకొని, మామూలు గొంతుతో, "మా, ఇందాక ఏడ్సినావే, అట్లే ఇంగోసారి" అన్నాడు.

బూబమ్మ ఆయన వైపు చూసింది. చూసి, మళ్లీ పాడింది. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగింది. కన్నీళ్లు మాత్రం రాలేదు. ఆయన నా వైపు తిరిగి, "అక్కా, ఆ చెంబులో నీళ్లు కొంచెం కంటికింద తడుపు, ఏమనుకోబాక" అన్నాడు.

తడిపాను. ఈ వేలితోనే. ఆయన మీద నాకున్న అసహ్యంలో సగం నా వాటా.

కారెక్కేముందు బూబమ్మ తలమీద చెయ్యిపెట్టి, "నా గొంతుతోనే పంపిస్తా మా. యాడున్నా వస్తా" అని మాటిచ్చాడు. తొమ్మిదోరోజుకు ఆ చరణం ఫోన్లలో పెట్టేశాడు. ఆమె బతికుండగానే. టీకొట్లో అదే, మంగలిషాపులో అదే. ఒక పొద్దున నేను ఆమెకు తల దువ్వుతుంటే వీధిలో ఆటో పోయింది, అందులో అదే పాట.

"మునెమ్మా" అంది బూబమ్మ, "నేను పోయినానా?"

"ఏం మాటలు బూబమ్మా అవి?"

"లేకపోతే నా పాట యాడ్నుంచి వస్తాంది? నేను ఈడ మంచంమీదనే ఉండా గదా."

నేను మళ్లీ దువ్వబోయాను. ఆమే నా చెయ్యి తట్టి, "పోనీలే. ఆ రోజు వచ్చి వాడి నోటితో పాడితే సాలు. వస్తాడు. వాడికి అమ్మంటే నేను తప్ప ఎవురుండారు?" అంది. ఆ తర్వాత నలభై రోజులు బతికింది. రోజూ ఒకటే అడిగేది: "తిరపతి నుంచి ఈడికి ఎంతసేపు మునెమ్మా, కారులో?"

పోయింది. ఎండాకాలం, పొద్దున ఎనిమిది గంటలకు. మా ఇంటాయన ఆ గాయకుడికి ఫోను చేశాడు. "కారెక్కినా అన్నా" అన్నాడు. పదకొండుకు చేస్తే "చంద్రగిరి దాటినా" అన్నాడు. మధ్యాహ్నం నమాజు అయిపోయింది. స్నానం చేయించారు, గుడ్డ చుట్టారు, అత్తరు పూశారు. ఆ ఎండకు ఇంక ఉంచలేమని పెద్దలు అంటున్నారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నేనే ఫోను లాక్కొని నాలుగోసారి చేశాను.

"యాడుండావప్పా?"

"అక్కా, గొంతు ఏం బాగలేదక్కా. సాయంత్రం ఈడ స్టేజి ఉండాది, పెద్ద పెద్దోళ్లు వస్తాండారు. నువ్వొక పని సెయ్యి, వీడియో పెట్టేయండి."

"వీడియోనా?"

"అదీ నా గొంతే గదక్కా."

నా చెవికి ఏదో జిగురు అంటుకున్నట్టయింది. ఫోను దూరంగా పెట్టి చెవి తుడుచుకున్నాను.

ఏం చేస్తారు మరి? జనాజా లేపారు. ఒకాయన ఫోను పెద్దగా పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు. ఆ గొంతు లేచింది. దిక్కుమాలిన గొంతు, ఎంత బాగుందో! వాకిట్లో ఆడవాళ్లందరం బోరుమన్నాం. రెండో పంక్తి అయింది. "తలుపు తీసే పోతా" అని ఆ గొంతు సాగుతుండగానే ఠక్కుమని ఆగిపోయి, ఎవరో ఆడపిల్ల ఉత్సాహంగా, "మోకాళ్ల నొప్పులా? మా నూనె రాయండి, లేచి పరుగెత్తండి!" అంది.

మోసేవాళ్లలో ఒకతనికి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక భుజం కదిలింది. జనాజా ఒరిగింది. గుడ్డలో ఉన్న ఆ చిన్న ఒళ్లు, మల్లెపూలు కట్టి కట్టి వేళ్లు వంకరపోయిన మనిషి, అటుపక్కకు జరిగింది.

నేను ఫోను లాక్కొని మా ఆయన చేతిలో పెట్టి నొక్కెయ్యమన్నాను. పాట నాకు రాదు. రాగం అసలే రాదు. కానీ దుప్పటి పట్టుకొని రెండుసార్లు విన్నాను గదా, మాటలు వచ్చు. ఊరికెళ్లే మనిషికి చెప్పినట్టు, మామూలుగా, నాలుగు పంక్తులూ చెప్పుకుంటూ వీధి మలుపు దాకా నడిచాను. ఎవరూ వద్దనలేదు.

మూడోరోజు ఆయన వచ్చాడు. పెద్ద పూలదండ, వెనక కెమెరా మనిషి. దర్గాకు పోయి, ఖబరస్తానుకు పోయి, అక్కడ మట్టి తీసి నొసటికి రాసుకొని, అది సరిగ్గా పడేదాకా మూడుసార్లు రాసుకొని, మా గడప ముందుకొచ్చి నిలబడ్డాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను. అడిగితే ఏమనాలో కూడా మనసులో అనుకొని పెట్టుకున్నాను.

"అక్కా, నువ్వు సెప్పినావంట గదా ఐదోది" అన్నాడు.

"ఊ."

"ఎవురన్నా వీడియో తీసినారా?"

గడపలోకి వచ్చినవాళ్లకు నీళ్లివ్వకుండా పంపింది నా బతుకులో ఆ ఒక్కరోజే. తలుపు వేసి, ఆయన నిలబడిన చోట పేడనీళ్లు చల్లి కడిగాను. ఆ రోజునుంచే పేరు పలకడం మానేశాను.

నాలుగేళ్లు గడిచాయి. పోయిన నెల స్టేజిమీదే గుండె పట్టుకొని కూలబడ్డాడట. ఇక్కడే, బూబమ్మ పక్కనే పూడ్చమని ఎప్పుడో చెప్పి ఉన్నాడంట. పాకాలకు తీసుకొచ్చారు. నేను తలుపు వేసుకొని కూర్చున్నాను. మధ్యాహ్నం ఆయన భార్య వచ్చి తలుపు తట్టింది. అంతకుముందు రెండుసార్లు చూశాను ఆమెను, మాట్లాడింది లేదు. లోపలికి రాలేదు. గడప బయటే కూలబడింది.

"అక్కా, ఆయన ఎవురికీ నేర్పలేదు. శిష్యులు అన్నోళ్లంతా ఫోటోలకే. ఐదో చరణం ఫోనులో పెడ్తామంటాండారు."

"పెట్టుకోండి. అదీ ఆయన గొంతే గదా" అన్నాను. ఆ మాట అనడానికే నాలుగేళ్లు కాచుకొని ఉన్నానేమో, అంత తియ్యగా వచ్చింది నోటికి.

ఆమె తల దించుకుంది. "నాకు తెలుసక్కా. ఆ రోజు పక్కనే ఉండా. గొంతు బాగలేదని నీకు సెప్పేటప్పుడు బిరియానీ తింటాండాడు. ఫోను పెట్టేసి, ఇంకొంచెం షేర్వా పొయ్యమన్నాడు."

ఆమెకు రోజూ ఆ ఒళ్లు పక్కన పడుకోవాల్సి వచ్చింది గదా అనుకున్నాను.

"ఆయన కోసం రమ్మనడం లేదక్కా" అంది. "మోసేది నా కొడుకు, నా తమ్ముళ్లు. వాళ్లేం పాపం సేసినారు? ఆ సివరి మాట వాళ్ల మీద పడాల. నా కొడుక్కి నెల కిందటే పెండ్లయింది."

లేచాను. చెప్పులేసుకొని ఆమె వెంట పోయాను. బూబమ్మ ఇంటి వాకిలి నిండా జనం, జనం చేతుల్లో ఫోన్లు, పెళ్లిలో పూలు చల్లడానికి ఎత్తినట్టు ఎత్తి పట్టుకొని. దవడకు గుడ్డ కట్టి ఉన్నారు ఆయనకు. రంగు వేసిన జుట్టు మొదట్లో తెల్లగా కనపడుతోంది. ఎడమకన్ను పూర్తిగా మూసి ఉంది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఉప్పునీళ్ల గరగర గుర్తొచ్చింది.

జనాజా లేచింది. నేను దగ్గరికి పోయి ముందర మోస్తున్న ఆమె కొడుకు పక్కన నిలబడ్డాను. ఇల్లిచ్చినవాడు రమ్మన్నాడని నేను చెప్పలేదు. తలుపు తీసి పోతున్నాడని చెప్పలేదు. దారి తెలుసునని అసలే చెప్పలేదు. ఆ కుర్రాడి భుజంమీద చెయ్యి వేసి, "మోసేటి అన్నలార, మీ భుజాలు సల్లగుండ" అన్నాను. అదొక్కటే. వీధి మలుపు దాకా అదొక్కటే అనుకుంటూ నడిచాను.

మిగిలిన మూడు పంక్తులూ నేను ఆపేసింది ఆ ఫోన్ల గోలలో జనం గమనించలేదు. ఆయన భార్యకు తెలిసింది. మలుపు దగ్గర నా చేతిని ఒకసారి గట్టిగా పట్టుకొని వదిలేసింది. తప్పు చేశానో ఒప్పు చేశానో మీరు ఇంటికిపోయి ఆలోచించుకోండి. నేను ఇంటికొచ్చి నోరు కడుక్కున్నాను, అన్నం తిన్నాను. ఆ మూడు పంక్తులు మాత్రం నాలుకమీదే ఉన్నాయి. మింగడానికీ రావు, ఉమ్మడానికీ రావు.

సరే, పొద్దుపోకముందే లేవండి, పొయ్యి వెలిగించుకోవాలి గదా. మీ ఇండ్లలో గిన్నెలు నిండుగా ఉండాలి. మీ పిల్లల చేతులు మిమ్మల్ని తాకేంత దూరంలోనే ఉండాలి. మీ ఇంట్లో ఎవరి రోజు ఎప్పుడు వచ్చినా, నూరేళ్ల తర్వాతే రావాలి, ఆ రోజు నాలుగు పంక్తులూ ఒక్కటీ ఆపకుండా చెప్పాలనిపించే మనిషి ఒకరు వాకిట్లో ఉండాలి. పోయిరండి తల్లీ.